లారీకి ఇంజన్ మార్చాక ఏసీ పైపులు: పదేపదే అడిగే ప్రశ్నలు, జవాబులు

నెల్లూరు ఆటోనగర్‌లో గానీ ఒంగోలు, కావలి షెడ్లలో గానీ సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ఎక్కించే పని ఏడాదంతా ఉంటుంది. ఇంజన్ స్టార్టై, బండి షెడ్డు దాటి బయటికొచ్చాక అందరికీ గుర్తొచ్చేది ఏసీ. అప్పటి నుంచి ఫోన్లు మొదలు. పైపు అందట్లేదు, బెల్టు ఊడుతోంది, గ్యాస్ కొట్టించి వారం కాలేదు మళ్లీ వేడిగాలి వస్తోంది. అడిగిందే అడుగుతున్నారని అన్నీ ఒకచోట రాసిపెట్టాను. పని జరిగే వరసలో ఉన్నాయి, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజన్ మార్చిన బండిలో ఏసీ నిలబడుతుందా లేదా అన్నది పైపు ఎటునుంచి ఎటు వెళ్లింది, ఎంత వదులు ఇచ్చారు అన్నదాని మీదే ఉంటుంది. గ్యాస్ కొట్టించడం రిపేరు కిందికి రాదు.

## ఇంజన్ దించకముందు

ఇంజన్ దించాలంటే ఏసీ గ్యాస్ వదిలేయాల్సిందేనా?

ప్రతిసారీ అక్కర్లేదు. వచ్చే ఇంజన్‌కు మీ కంప్రెసరే సరిపోతుందని తేలితే పైపులు విప్పకుండా, కంప్రెసర్ బోల్టులు మాత్రం తీసి, పైపులతో సహా ఛాసిస్ పక్కకు తాడుతో కట్టి ఉంచవచ్చు. పైపు మెలిపడకూడదు, కంప్రెసర్ బరువు పైపు మీద పడకూడదు, అంతే.

విప్పక తప్పదంటే రికవరీ మిషన్ ఉన్న షాపులో గ్యాస్ లాగించండి. నట్టు వదులు చేసి బుస్సుమని వదిలేసే అలవాటు మంచిది కాదు. ఏసీలో ఉండే ఆర్‌134ఏ గ్యాస్ బయటికి రాగానే మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వేళ్ల మీద పడితే చర్మం గడ్డకట్టి బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొట్టుకుపోతుంది, ఎంత పోయిందో లెక్క దొరకదు. పైగా వాతావరణాన్ని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు గ్యాస్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది.

విప్పిన పైపుల మూతులకు గుడ్డ కుక్కితే చాలదా?

చాలదు. గుడ్డ దుమ్మును కొంత ఆపుతుందేమో గానీ తేమను ఆపలేదు. ఆర్‌134ఏ కంప్రెసర్లలో వాడే పీఏజీ ఆయిల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. మనది సముద్రపు గాలి, ఇంజన్ పని మొదలుపెడితే వారం పది రోజులు సాగుతుంది. ప్లాస్టిక్ మూతలు దొరికితే అవి పెట్టండి. దొరక్కపోతే మందపాటి పాలిథీన్ రెండు మడతలు వేసి టేపుతో బిగుతుగా చుట్టండి. కూలింగ్ కాయిల్, కండెన్సర్ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ), కంప్రెసర్ మూతులు కూడా మూయాలి. చీమకుర్తి క్వారీ బండ్లయితే మరీ జాగ్రత్త. ఆ రాతి దుమ్ము చిటికెడు లోపలికెళ్లినా కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు మూసుకుపోతుంది.

పాత ఇంజన్ ఉండగానే ఏమేం కొలిచి పెట్టుకోవాలి?

ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. క్యాబిన్ దించి ఉన్నప్పుడు, లేపినప్పుడు రెండు రకాలుగానూ. తర్వాత క్రాంక్ పుల్లీ వ్యాసం, కంప్రెసర్ పుల్లీ వ్యాసం, బెల్టు మీది నంబరు, ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య దూరం, కంప్రెసర్ పైపు మూతులు ఏ వైపు చూస్తున్నాయి అన్నవి కాగితం మీద రాయండి. టాటా 697 తీసి కమిన్స్ 6బీటీ ఎక్కించినట్టు కంపెనీయే మారిపోతే ఈ కొలతలన్నీ మారతాయి. పాతవి దగ్గరుంటే ఎక్కడ ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది.

ఇంజన్ పనితో పాటే ఏసీ పైపులు కూడా చేయించేస్తే ఒకే ఖర్చు కదా?

కంప్రెసర్ బ్రాకెట్ వరకు దాంతో పాటే చేయించండి. పైపులు మాత్రం అన్నిటికన్నా చివర. సైలెన్సర్ పైపు, టర్బో పైపు, ఎయిర్ ఫిల్టర్ హోస్, రేడియేటర్ హోస్‌లు, పవర్ స్టీరింగ్ పైపు అన్నీ తమ తమ చోట్ల కూర్చున్నాకే ఏసీ పైపుకు మిగిలిన దారి ఏదో తెలుస్తుంది. అవి ఎటు జరగమంటే అటు జరగవు, ఏసీ హోస్ జరుగుతుంది. బండిని ఒకసారి లోడు లేకుండా తిప్పి, ఇంజన్ మౌంటింగుల మీద సర్దుకున్నాక కొలత తీస్తే ఇంకా మేలు.

## కంప్రెసర్, బ్రాకెట్, బెల్టు

ఇంజన్‌తో పాటు ఒక కంప్రెసర్ వచ్చింది. అది వాడాలా, పాతదే బిగించాలా?

ఇంజన్‌తో వచ్చినదానికి బ్రాకెట్, పుల్లీ, బెల్టు లైను కంపెనీ లెక్క ప్రకారం ఉంటాయి, అందుకే నా ఓటు దానికే. అయితే అది ఎన్నాళ్లు మూతుల్లేకుండా స్క్రాప్ యార్డులో పడి ఉందో చూడాలి. కంప్రెసర్ క్లచ్ ముందు ప్లేటు పట్టుకుని చేత్తో తిప్పండి. గరగర లేకుండా నున్నగా, కొంచెం బరువుగా తిరగాలి. తర్వాత తలకిందులు చేసి ఆయిల్‌ను తెల్లటి ప్లాస్టిక్ గ్లాసులోకి వంచండి. ఎండలో పెట్టి చూస్తే ఆయిల్ పారదర్శకంగా ఉంటే సరే. నల్లగా ఉండి, వేలికి రాస్తే వెండి పొడిలా మెరిస్తే ఆ కంప్రెసర్ లోపల అరిగిపోయింది. దాన్ని బిగిస్తే ఆ పొడి మీ కండెన్సర్ నిండా చేరుతుంది.

12 వోల్టుల కంప్రెసర్‌ను 24 వోల్టుల లారీకి పెట్టొచ్చా?

కంప్రెసర్ లోపలి భాగానికి వోల్టేజీతో పని లేదు, తేడా అంతా మ్యాగ్నెట్ క్లచ్ కాయిల్‌లోనే. 12 వోల్టుల కాయిల్‌కు 24 ఇస్తే కాలిపోతుంది. మల్టీమీటర్‌తో కొలవండి: 3, 4 ఓమ్‌ల దగ్గర చూపిస్తే 12 వోల్టులది, 12 నుంచి 16 దాకా చూపిస్తే 24 వోల్టులది. అదే మోడల్‌కు సరిపడే 24 వోల్టుల కాయిల్ దొరికితే అదొక్కటీ మార్చుకోవచ్చు. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు తీసి ఇచ్చే పద్ధతి కొన్ని షెడ్లలో ఉంది. ఒక బ్యాటరీ ఎప్పుడూ దిగిపోతూ, రెండోది ఓవర్‌ఛార్జ్ అవుతూ రెండూ పాడవుతాయి. ఆ పని వద్దు.

బ్రాకెట్ లేత్ షాపులో చేయిస్తే ఆగుతుందా?

ఆగుతుంది, రెండు షరతుల మీద. మొదటిది, బ్రాకెట్ ఇంజన్ మీదే ఉండాలి. చోటు లేదని ఛాసిస్‌కు వెల్డింగ్ చేసి అక్కడ కంప్రెసర్ పెడుతుంటారు. ఇంజన్ మౌంటింగుల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. మధ్యలో బెల్టు ఒకసారి సాగి ఒకసారి వదులై, చివరికి ఎగిరిపోతుంది. రెండోది, ప్లేటు 8 నుంచి 10 ఎంఎం మందం ఉండి, బ్లాక్‌లో కంపెనీ ఇచ్చిన మరచుట్ల రంధ్రాలకే బిగించాలి. టైమింగ్ కవర్‌కో, ఆయిల్ చాంబర్ బోల్టులకో వేలాడదీస్తే కవర్ పగిలి ఆయిల్ కారుతుంది. కంప్రెసర్‌ను పక్కకు వంచి పెట్టినా ఫరవాలేదు గానీ పైపు మూతులు నేల వైపు చూడకూడదు.

కొత్త బెల్టు వేసినా కీచుమంటోంది, లేదా ఊడిపోతోంది. ఎందుకు?

పుల్లీలు ఒకే వరసలో లేవు. క్రాంక్ పుల్లీ ముఖానికి నిటారైన ఇనుప పట్టీ ఆనించి కంప్రెసర్ పుల్లీ దాకా చూడండి. తేడా ఒక ఎంఎం లోపు ఉండాలి, 3 ఎంఎం ఉంటే ఏ బెల్టూ నిలవదు. తేడా ఉన్నవైపు వాషర్లు గుత్తిగా వేయకుండా, లేత్‌లో ఒకే స్పేసర్ తిప్పించి వేయండి. గాడి రకం కూడా చూడాలి. వీ బెల్టు పుల్లీ మీద వెడల్పు పక్కెల బెల్టు కూర్చోదు. ‘ఏ’ సైజు వీ గాడిలో ‘బీ’ సైజు బెల్టు పైకి తేలి తిరుగుతుంది, దానివల్లే సగం కీచు. బిగింపు విషయానికొస్తే, పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో నొక్కితే దాదాపు 10 ఎంఎం దిగాలి.

పుల్లీ సైజు మారితే కూలింగ్ తగ్గుతుందా?

తగ్గుతుంది, ముఖ్యంగా బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు. క్రాంక్ పుల్లీ 180 ఎంఎం, కంప్రెసర్ పుల్లీ 125 ఎంఎం అనుకోండి. ఇంజన్ 600 ఆర్‌పీఎం మీద ఉంటే కంప్రెసర్ 860 దాకా తిరుగుతుంది. అదే క్రాంక్ పుల్లీ 130 ఎంఎం అయితే 620 దగ్గరే ఆగిపోతుంది. టోల్‌గేట్ క్యూలో చల్లదనం పోయేది అందుకే. కొత్త ఇంజన్ క్రాంక్ పుల్లీ చిన్నదైతే కంప్రెసర్‌కు కూడా చిన్న పుల్లీ ఉన్న క్లచ్ వెతకండి.

కంప్రెసర్‌లో ఆయిల్ ఎంత పోయాలి?

కంప్రెసర్ మీది లేబుల్ చెప్పినంత. లేబుల్ చెరిగిపోతే, పాత కంప్రెసర్ నుంచి వంచినంత ఆయిల్ కొలిచి అంతే కొత్తది పోసి, మార్చిన భాగాలకు కొంత కలపాలి: డ్రయ్యర్ బాటిల్‌కు (తేమ పీల్చే బాటిల్) 15 నుంచి 30 మిల్లీలీటర్లు, కండెన్సర్‌కు 30 దాకా. ఎక్కువ పోస్తే మంచిదే అనుకోవద్దు. మిగులు ఆయిల్ కూలింగ్ కాయిల్‌లో పేరుకుని చల్లదనం తగ్గిస్తుంది.

## పైపుల కొలత, దారి, క్రింపింగ్

పాత పైపులు పొడవు సరిపోతున్నాయి. అవే వాడుకోవచ్చా?

పొడవు సరిపోవడం ఒక్కటే చాలదు. పైపును రెండు చేతులతో వంచి చూడండి: పైన సన్నటి పగుళ్లు కనిపించినా, గట్టిగా కర్రలా ఉన్నా పారేయాల్సిందే. క్రింప్ చేసిన (మిషన్‌తో నొక్కి పట్టించిన) ఇనుప గొట్టం అంచున నూనె జిడ్డు పట్టిన మట్టి ఉంగరంలా ఉంటే అక్కడ నుంచి గ్యాస్ ఇప్పటికే కారుతోంది. అయిదారేళ్లు ఇంజన్ వేడిలో ఉన్న డిశ్చార్జి పైపును (కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లేది) ఎలా ఉన్నా మార్చేయమంటాను. సక్షన్ పైపు (క్యాబిన్ నుంచి కంప్రెసర్‌కు తిరిగొచ్చేది) బాగుంటే ఉంచవచ్చు.

ఏ పైపు ఏ సైజు ఉండాలి?

మామూలు లారీ క్యాబిన్ ఏసీకి కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే డిశ్చార్జి పైపు 8 నంబరు, కండెన్సర్ నుంచి డ్రయ్యర్ మీదుగా క్యాబిన్‌కు వెళ్లే లిక్విడ్ పైపు 6 నంబరు, క్యాబిన్ నుంచి కంప్రెసర్‌కు తిరిగొచ్చే సక్షన్ పైపు 10 నంబరు. బండి వెనక స్లీపర్ దాకా యూనిట్ ఉండి పైపు పొడవైతే సక్షన్‌కు 12 నంబరు వాడతారు. షాపులో అడిగేటప్పుడు లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోస్ కావాలని అడగండి. హోస్ మీద ఎస్‌ఏఈ జే2064 అని అచ్చు ఉంటే ఆర్‌134ఏకు పనికొచ్చేదే. డీజిల్ హోస్, హైడ్రాలిక్ హోస్ చౌకగా వస్తాయని వేస్తే రబ్బరు గుండా గ్యాస్ రోజూ కొంచెం కొంచెం బయటికి పోతూనే ఉంటుంది.

పైపు కొలత ఎలా తీసుకోవాలి? తాడుతో కొలిస్తే పొట్టిగా వస్తోంది.

తాడు మలుపు దగ్గర ముడుచుకుంటుంది, హోస్ ముడుచుకోదు. అందుకే పాత హోస్ ముక్కతో కొలవండి; అదే లావు ఉన్న తోటలో నీళ్ల పైపైనా సరే. కంప్రెసర్ మూతి నుంచి మొదలుపెట్టి, పైపు వెళ్లాల్సిన దారిలోనే నడిపించి, క్లిప్పులు వచ్చే చోట తాత్కాలికంగా కట్టి, చివర దాకా తీసుకెళ్లండి. ఇప్పుడు ఒకరు క్యాబిన్‌లో కూర్చుని స్టార్ట్ చేసి, ఒకసారి యాక్సిలరేటర్ నొక్కి వదిలి, ఆపాలి. బయట ఉన్నవాళ్లు ఇంజన్ ఎటు ఎంత ఊగిందో చూడాలి. స్టార్ట్ అయ్యేటప్పుడు, ఆగేటప్పుడు వచ్చే కుదుపే అన్నిటికన్నా పెద్దది. ఆ కుదుపులో కూడా పైపు లాగినట్టు కాకుండా ఉండేంత వదులు ఇచ్చి అక్కడ గుర్తు పెట్టండి.

వదులు ఎక్కడ ఇస్తున్నామన్నది కూడా చూడాలి. ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య దాటే చోట ఒక పెద్ద వంపులాగా ఉండాలి. ఇంజన్ ఊగినప్పుడు ఆ వంపు తెరుచుకుని మూసుకోవాలే గానీ పైపు మెలితిరగకూడదు. హోస్ మీద పొడుగునా అచ్చువేసిన గీత ఉంటుంది. బిగించాక ఆ గీత ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకే వైపు కనిపించాలి. చుట్టుకుంటూ వెళ్లిందంటే మెలిపడిందని లెక్క, ఫిట్టింగ్ వదులు చేసి సరిచేయాలి.

క్యాబిన్ లేపి దించాక ప్రతిసారీ గ్యాస్ పోతోంది. ఏంటి కారణం?

ముందుకు వంగే క్యాబిన్ ఉన్న లారీలో పైపులకు రెండు కదలికలు: ఇంజన్ ఊగడం ఒకటి, క్యాబిన్ లేవడం రెండోది. పాత ఇంజన్‌తో కంపెనీ వేసిన పైపు క్యాబిన్ కీలు పక్క నుంచి వెళ్తుంది. కొత్త పైపు వేసేటప్పుడు దగ్గరి దారని ఇంజన్ మీదుగా, క్యాబిన్ వెనక నుంచో మధ్య నుంచో తీసుకెళ్తారు. అక్కడ క్యాబిన్ అడుగులకొద్దీ పైకి లేస్తుంది. పైపు సాగుతుంది, ఫిట్టింగ్ దగ్గర క్రింపు కదులుతుంది, జాయింటులోని రబ్బరు ఓరింగు నలుగుతుంది. దించేటప్పుడు ఆ వదులంతా ఇంజన్ మీద పడి ఫ్యాను బెల్టుకో మానిఫోల్డుకో తగులుతుంది.

క్యాబిన్‌లోకి వెళ్లే రెండు పైపులనూ కీలుకు వీలైనంత దగ్గరగా, దాని గీతను అడ్డంగా దాటేలా పెట్టండి; క్యాబిన్ లేచినా అక్కడ పైపు కొద్దిగా వంగి ఊరుకుంటుంది. క్రింప్ చేయకముందే క్యాబిన్ పూర్తిగా లేపి, దించి చూడటం తప్పనిసరి. పోయినేడాది కృష్ణపట్నం పోర్టు బొగ్గు తోలే బండి ఒకటి ఇదే ఫిర్యాదుతో వచ్చింది. క్యాబిన్ సగం లేపేసరికే సక్షన్ పైపు వాయులీనం తీగలా బిగుసుకుంది. గ్యాస్ కొట్టే ముందే, ఆ పైపు ఒక్కటీ కీలు పక్కకు మార్చి పొడవు పెంచాం. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

టర్బో, మానిఫోల్డ్ పక్క నుంచి తప్ప పైపుకు దారే లేదు. ఏం చేయాలి?

ముందు ఇంకో దారి ఉందేమో మళ్లీ వెతకండి, రెండు అడుగుల పైపు ఎక్కువైనా సరే. ఏసీ హోస్ దాదాపు 125 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. లోడు మీద ఘాట్ ఎక్కుతున్న ఇంజన్ మానిఫోల్డ్ వేడి దానికి ఎన్నో రెట్లు. కనీసం జానెడు దూరం ఉండాలి. అంత కూడా దొరక్కపోతే ఆ భాగంలో హోస్ తీసేసి అల్యూమినియం గొట్టం వేయించి, మధ్యలో రేకు అడ్డం పెట్టి, పైన వేడి ఆపే తొడుగు వేయండి. సక్షన్ పైపును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ అటు పోనివ్వొద్దు. అందులో వెళ్లేది చల్లటి గ్యాస్, దారిలోనే వేడెక్కిపోతుంది.

క్లిప్పులు ఎంత దూరానికి ఒకటి? దేనికి కట్టకూడదు?

మూరకొకటి, లోపల రబ్బరు ఉన్న క్లిప్పులు. రేకు అంచు దాటే చోట గ్రోమెట్ (రంధ్రానికి తొడిగే రబ్బరు రింగు) తప్పనిసరి. బ్రేకు గాలి పైపులకు, డీజిల్ పైపుకు, స్టార్టర్ కేబుల్‌కు ప్లాస్టిక్ ట్యాగులతో కలిపి కట్టకండి. ఏసీ పైపు చిల్లి పడితే చల్లగాలి రాదు, బ్రేకు పైపు చిల్లి పడితే బండి ఆగదు.

క్రింపింగ్ మిషన్ దగ్గర లేదు. రెండు స్టీల్ క్లిప్పులు బిగిస్తే పట్టదా?

పట్టదు. మే నెల ఎండలో హై సైడ్ (కంప్రెసర్ నుంచి కండెన్సర్ వైపు) ఒత్తిడి 300 పీఎస్‌ఐ దాటుతుంది. నీళ్ల పైపు క్లిప్పు దాన్ని ఆపలేదు. పైపులు విప్పి ఊళ్లోకి తీసుకెళ్లి క్రింప్ చేయించుకు రండి.

వెళ్లేముందు ఒక పని చేయాలి. ఫిట్టింగులను హోస్‌లోకి చేత్తో దూర్చి, బండి మీదే అమర్చి, వంపు తిరిగిన ఫిట్టింగు ఏ వైపు చూడాలో చూసుకుని, ఫిట్టింగు మీద నుంచి హోస్ మీదకు తెల్ల మార్కర్‌తో ఒక గీత గీయండి. షాపులో ఆ గీత కలిపి క్రింప్ చేస్తారు. గీత లేకుండా తెస్తే మూతి ఇంకోవైపు చూస్తుంది, బలవంతంగా తిప్పి బిగిస్తే హోస్ మెలిపడుతుంది. హోస్‌ను హాక్సా బ్లేడుతో కోయనివ్వొద్దు, రబ్బరు పొడి లోపలికి పోతుంది. పదునైన కత్తితో నిటారుగా కోయాలి. ఫిట్టింగు తొడుగుకు చిన్న రంధ్రం ఉంటుంది. హోస్ పూర్తిగా లోపలికెళ్లిందంటే ఆ రంధ్రంలోంచి నల్లగా కనిపించాలి.

ఓరింగులు పాతవే వేస్తే?

వేయకండి. ఆర్‌134ఏకు పనికొచ్చే ఆకుపచ్చ రంగువి సైజుల వారీగా పెట్టెలో దొరుకుతాయి. ఆయిల్‌లో ముంచి పెట్టి, నట్టు ముందు చేత్తో తిప్పి, తర్వాత రెండు స్పానర్లతో బిగించండి, ఒకటి ఫిట్టింగును పట్టుకోవడానికి, ఒకటి నట్టుకు. ఒకే స్పానర్‌తో గుంజితే కండెన్సర్ అల్యూమినియం మూతి చెరుకు ముక్కలా మెలితిరుగుతుంది, ఆ కండెన్సర్ ఇక పనికిరాదు.

డ్రయ్యర్ బాటిల్ పాతది బాగానే ఉంది కదా, మార్చాలా?

మార్చండి. లైను విప్పి రోజుల తరబడి ఉంచినప్పుడు లోపలి గింజలు తేమతో నిండిపోయి ఉంటాయి. కొత్తదాని మూతలు అన్నిటికన్నా చివర, వాక్యూమ్ పెట్టడానికి కాస్త ముందు తీయండి. బాణం గుర్తు కండెన్సర్ నుంచి క్యాబిన్ వైపు చూడాలి, బాటిల్ నిటారుగా ఉండాలి.

## వైరింగ్

స్విచ్ నుంచి డైరెక్టుగా క్లచ్‌కు వైరు ఇస్తే సరిపోతుంది కదా?

మామూలు పంపు ఉన్న పాత డీజిల్ ఇంజన్‌కైతే రిలే, ఫ్యూజు పెట్టి ఇస్తే నడుస్తుంది. కంప్యూటర్ నడిపే కామన్ రైల్ ఇంజన్ ఎక్కించారంటే ఏసీ వేస్తున్న సంగతి ఆ కంప్యూటర్‌కు, అంటే ఇంజన్ ఈసీఎంకు తెలియాలి. తెలిస్తేనే అది ఐడిల్ పెంచుతుంది. తెలియకపోతే క్లచ్ పడ్డప్పుడల్లా ఇంజన్ దిగి, ఎగిరి, వణుకుతుంది. క్లచ్ కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉండేలా చూడండి. కాయిల్ ఆగినప్పుడు వచ్చే షాకు ఈసీఎం దాకా పోకుండా అది ఆపుతుంది.

ప్రెజర్ స్విచ్ పాడైంది, వైర్లు కలిపేశారు. పర్లేదా?

పక్క ఊరు చేరేదాకా కూడా పర్లేదని చెప్పను. గ్యాస్ 2 బార్ కన్నా కిందికి దిగితే ఆ స్విచ్ కంప్రెసర్‌ను ఆపుతుంది. గ్యాస్‌తోనే ఆయిల్ తిరుగుతుంది కాబట్టి గ్యాస్ లేకుండా తిరిగిన కంప్రెసర్ కాసేపట్లో పట్టేస్తుంది. హై సైడ్ 30 బార్ దగ్గరికెళ్తే కూడా అదే స్విచ్ ఆపాలి. కలిపేస్తే పైపో, కండెన్సరో పేలుతుంది.

## లీకు టెస్టు, వాక్యూమ్, గ్యాస్

లీకు టెస్టు దేనితో చేయాలి? కంప్రెసర్ గాలి పట్టొచ్చా?

నైట్రోజన్‌తో. సిలిండర్‌కు రెగ్యులేటర్ తప్పనిసరి, 150 నుంచి 200 పీఎస్‌ఐ పెట్టి సబ్బు నురగ రాయండి. టైర్ల కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది, అది వద్దు. వెల్డింగ్ ఆక్సిజన్ మాత్రం అసలు దగ్గరికి రానివ్వకండి. లోపల ఆయిల్ ఉంటుంది. ఆక్సిజన్, నూనె ఒత్తిడిలో కలిస్తే పేలుతుంది.

నైట్రోజన్ ఉండగానే క్లచ్ వైరు విప్పి, ఇంజన్ స్టార్ట్ చేసి కాసేపు ఊపండి. ఆపి క్యాబిన్ లేపి దించండి. ఆ తర్వాత మళ్లీ నురగ రాయండి. నిలబడి ఉన్న బండిలో దొరకని లీకు ఇక్కడ దొరుకుతుంది. చాలామంది ఈ అంచె వదిలేస్తారు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

వాక్యూమ్ ఎంతసేపు పెట్టాలి?

కొత్త పైపులు వేసిన బండికి అరగంటకు తగ్గకుండా, ముప్పావుగంటైతే మంచిది. గేజ్ 29 అంగుళాల దగ్గర నిలవాలి. పంపు ఆపి వాల్వులు మూసి ఇంకో అరగంట చూడండి. ముల్లు వెనక్కొస్తే లీకో, తేమో ఉంది. ఫ్రిజ్ కంప్రెసర్‌తో పది నిమిషాలు లాగి అయిపోయిందనేవాళ్లను నమ్మకండి. తేమ ఆవిరై బయటికి పోవడానికి లోతైన వాక్యూమ్‌తో పాటు టైమూ కావాలి.

పాత స్టిక్కర్ మీద ఉన్నంత గ్యాస్ కొడితే చాలా? పైపులు పొడవయ్యాయి కదా.

స్టిక్కర్ అంకె దగ్గర మొదలుపెట్టి, లిక్విడ్ పైపు ఎంత పెరిగిందో లెక్క కట్టండి. 6 నంబరు హోస్ ఒక మీటరులో దాదాపు 50 మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది, అంటే 50 నుంచి 60 గ్రాముల గ్యాస్. డిశ్చార్జి, సక్షన్ పైపుల్లో ఉండేది ఆవిరి కాబట్టి వాటి పొడవుకు తేడా చాలా తక్కువ. తూకం మీదే కొట్టించండి. డబ్బాలు లెక్కపెట్టి కొట్టడం, చేత్తో పైపు తాకి చూసి కొట్టడం రెండూ అందాజాలే. ఇంజన్ నడుస్తుండగా డబ్బాను హై సైడ్‌కు తెరవకూడదు, ఆ ఒత్తిడికి డబ్బా పేలుతుంది.

గేజ్ మీద ఎంత ఉంటే సరిగ్గా ఉన్నట్టు?

బయట 40 డిగ్రీల ఎండ, ఇంజన్ 1500 ఆర్‌పీఎం, బ్లోయర్ ఫుల్లు అనుకుంటే లో సైడ్ (సక్షన్ పైపు వైపు) 40 నుంచి 55 పీఎస్‌ఐ, హై సైడ్ 230 నుంచి 300 మధ్య ఉండాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువైనా అయ్యుండాలి, కండెన్సర్‌కు గాలి అందకపోయినా అయ్యుండాలి. లో ఎక్కువ, హై తక్కువ అయితే కంప్రెసర్ బలహీనం.

ఇంజన్ ఆపి, బండి చల్లారాక కూడా ఒకసారి చూడండి. నీడలో 35 డిగ్రీలుంటే ఆర్‌134ఏ రెండు గేజ్‌ల మీదా దాదాపు 115 పీఎస్‌ఐ చూపించాలి. అంతకన్నా బాగా ఎక్కువ చూపిస్తే లోపల గాలి ఉంది, లేదా కొట్టింది అసలైన గ్యాస్ కాదు.

సగం రేటుకే గ్యాస్ కొడతామంటున్నారు. కొట్టించొచ్చా?

సగం రేటుకు వచ్చేదాంట్లో వంటగ్యాస్ జాతి కలిసి ఉండే ప్రమాదం ఉంది. చల్లగానే ఉంటుంది, ఆ మాట నిజం. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది డ్రైవర్ క్యాబిన్‌లో. అక్కడ లీకైతే, పక్కన బీడీ వెలిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

## రోడ్డెక్కాక

పరుగులో చల్లగా ఉంటోంది, టోల్‌గేట్ దగ్గర ఆగితే వేడిగాలి. ఎందుకు?

కండెన్సర్‌కు గాలి అందట్లేదు. ఇంజన్ మారినప్పుడు ఫ్యాను రేడియేటర్‌కు దూరమైపోవడం, ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడ్ (తొడుగు) బిగించకుండా వదిలేయడం మామూలు. ష్రౌడ్ లేకపోతే ఫ్యాను అక్కడి వేడి గాలినే మళ్లీ తిప్పుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు కండెన్సర్ మీద నీళ్లు చల్లి చూడండి. వెంటనే గాలి చల్లబడితే గ్యాస్ మీద అనుమానం వదిలేసి ఫ్యాను సంగతి చూడండి. 24 వోల్టుల ఎలక్ట్రిక్ ఫ్యాను ఒకటి ముందు పెడితే చాలా బండ్లకు సరిపోతుంది.

గిద్దలూరు దాటి నంద్యాల ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ హీట్ అవుతోంది. ఏసీ వల్లేనా?

కొంత ఏసీ వల్లే. కండెన్సర్ వదిలే వేడి గాలే రేడియేటర్‌కు చేరుతుంది. కానీ పాత ఇంజన్‌కు సరిపడే రేడియేటర్‌తో ఇప్పుడు పెద్ద ఇంజన్ నడుస్తుంటే అసలు దోషం అక్కడే. నీళ్ల వేడి 105 డిగ్రీలు దాటితే ఏసీ క్లచ్‌ను ఆపే సెన్సార్ స్విచ్ వైరింగ్‌లో పెట్టించుకోండి. డ్రైవర్‌కు ప్రతి మలుపులో మీటర్ చూసే టెన్షన్ తప్పుతుంది.

ఉప్పు గాలికి కండెన్సర్ ఎన్నాళ్లు నిలుస్తుంది?

రొయ్యలు, చేపలు తోలే బండ్లలో ఉప్పునీళ్లు కారి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిబారిపోతాయి. వారానికోసారి మంచినీళ్లతో, ప్రెజర్ లేకుండా, లోపలి నుంచి బయటికి కడగండి. స్టీల్ బోల్టు, అల్యూమినియం పైపు కలిసే చోట్ల గ్రీజు రాయండి, అక్కడే ముందు తినేస్తుంది.

మైలేజీ ఎంత తగ్గుతుంది?

లోడుతో నడిచే లారీకి తేడా కొద్దిగా. బండి నిలబెట్టి ఏసీ వేసుకుని పడుకుంటే మాత్రం డీజిల్ ఖర్చు కనిపిస్తుంది.

## కాగితాలు

ఇంజన్ మార్చినట్టు ఆర్టీఓకు చెప్పాలా? ఏసీకి కూడా పర్మిషన్ కావాలా?

ఇంజన్‌కు చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, మార్చాక 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు నంబరు తేడా వస్తే బండి ఆగిపోతుంది, క్లెయిమ్ వస్తే ఇన్సూరెన్సు వాళ్లూ అదే పట్టుకుంటారు. ఇంజన్ కొన్న బిల్లు, అది వచ్చిన బండి కాగితాలు జాగ్రత్త చేసుకోండి. ఉన్న ఏసీకి పైపులు మార్చుకోవడం రిపేరు కిందికే వస్తుంది.

లారీలకు ఏసీ తప్పనిసరి అన్నారు కదా, పాత బండికి కూడానా?

కాదు. కేంద్రం 2023 డిసెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్ 2025లో ఈ నిబంధన అమలైనప్పటి నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 రకం బండ్లకు, అంటే మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన సరుకు వాహనాలకు. మీ పాత లారీకి ఏసీ ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, లేకపోతే మీ డ్రైవర్ ఇష్టం. రోహిణి కార్తెలో డ్రైవర్లు ఏసీ ఉన్న బండికే వస్తామంటున్నారని ఓనర్లే చెబుతున్నారు.